రూపాయిలో అణా: వరాహగిరి వెంకటగిరిగారి జీవితము

పత్తి కాలము ముగియగనే నరసరావుపేట పరిసరములలోని జిన్నింగు మిల్లుల కడ సందడి అణగిపోవును. కడపటి బేళ్లు లారీల కెక్కును. యంత్రములకు నూనె పెట్టి గోనెపట్టాలు కప్పుదురు. పనివాండ్రు తుది వారపు కూలి పుచ్చుకొని ఇండ్లకు మరలుదురు. ఇరువది కాలములుగా అదే యంత్రము కడ నిలిచినవాడును, ఈ యేడే చేరినవాడును ఒకే విధముగా గేటు దాటి పోవుదురు. మరుసటి కాలమునకు ఆ ముసలివాని చేతిలో సత్తువ లేకున్నచో అతని గతి యేమి? దూదిపొట్టు పీల్చి రొమ్ము పట్టినవాని గతి యేమి? ఈ ప్రశ్న పల్నాటి వ్యాపారులలో పలువురి మనస్సులలో మెదలుచున్నదని మే మెరుగుదుము. పనివాండ్ర కేదైన ఏర్పాటు చేయవలెనని వారికి కలదు. ఎట్లు చేయవలెనో, ఎంత చేయవలెనో తోచుట లేదు.

యజమానులు నిర్దయులని మా అభిప్రాయము కాదు. మన సీమలో పాత ఆచార మొకటి కలదు. ఇంటి పాలేరు బిడ్డ పెండ్లికి బియ్యపు బస్తా, ఉగాదికి కొత్త బట్ట, జబ్బు చేసినప్పుడు వైద్యుని కడకు బండి, ఇవి మోతుబరి యింట మామూలు. బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి కుడిపించెనని చెప్పుకొని గర్వించు సీమ యిది. కాని ఆ పెట్టుపోత లన్నియు యజమాని మనస్సును బట్టి నడచునవి. పండిన యేడు చేయి పెద్దది, ఎండిన యేడు చేయి చిన్నది. తండ్రి యిచ్చినది కొడుకు ఈయకపోవచ్చును. అడిగినవానికి దొరకును, అభిమానము గలవాడు అడుగనే యడుగడు. పనివాని క్షేమమును లెక్కలో వ్రాసి, నియమముగా నేర్పరచి, ముందుగనే సొమ్ము దాచి నడపుట దీనికి పూర్తిగా వేరైన పని. ఈ భేదమును తమ జీవితమంతయు దేశమునకు బోధించిన తెలుగువారొకరు కలరు. వారే వరాహగిరి వెంకటగిరిగారు. రాష్ట్రపతిగా వారిని అందరు ఎరుగుదురు. రాష్ట్రపతి కాకమునుపు వారు చేసిన పనిని మరచినవారే యెక్కువ. ఆ పనినిబట్టి వారి చరిత్రమును నేడు స్మరింప దలచితిమి.

నాడు మదరాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరిన బరంపురమున 1894 ఆగస్టు 10వ తేదీన గిరిగారు జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపడిన న్యాయవాది, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మగారు. ఇంట తెలుగు, వీధిలో ఒరియా, కచేరీలో ఇంగ్లీషు వినుచు పెరిగిన బాలుడు తండ్రి వలెనే న్యాయవాది కావలెనని ఇంటివారి యాశ. అందులకై 1913లో వారిని పై చదువునకు పంపిరి. ఆనాటి మన యువకులు పెక్కుమంది లండనుకు పోవుచుండగా గిరిగారు ఐర్లండు రాజధానియైన డబ్లినునకు పోయిరి. వారి జీవితము తిరిగిన మలుపు ఇదియే.

వారు చేరిన యా సంవత్సరముననే డబ్లినులో గొప్ప కలహము పుట్టినది. జేమ్స్ లార్కిన్ నాయకత్వమున కూలివాండ్రు సంఘముగా నేర్పడగా, ఆ సంఘమున చేరమని సంతకము చేసిననే గాని పని యిచ్చుట లేదని యజమానులు కట్టుగట్టి గేట్లు మూసిరి. సుమారు 20,000 మంది పనివాండ్రు వీధిని పడిరి. 1913 ఆగస్టున మొదలైన యీ పోరు మరుసటి యేటి ఆరంభము వరకు సాగినది. ఇంగ్లండులోని కార్మికసంఘములు ఓడలతో ఆహారము పంపినను చాలలేదు. తుదకు ఆకలియే తీర్పు చెప్పినది. పనివాండ్రు ఓడి మరలిరి. పనివానికి దాచుకొన్న సొమ్ము లేనప్పుడు, వాని న్యాయము ఎంత గట్టిదైనను ఇంటిలోని గింజలు ఉన్నంతవరకే నిలుచునని ఆ యేడు డబ్లిను లోకమునకు చూపినది. న్యాయశాస్త్రము చదువ వచ్చిన తెలుగు యువకుడు వీధిలో ఈ పాఠము కూడ చదివెను.

లార్కిను అనుచరుడును, ఐరిషు కార్మికోద్యమమునకు ప్రాణమును అయిన జేమ్స్ కానలీ ప్రభావము గిరిగారిపై బలముగా పడినది. 1914లో లండనున గాంధీమహాత్ముని దర్శించిరి. 1916 ఏప్రిలున డబ్లినులో తిరుగుబాటు చెలరేగినది. దానిని అణచిన ప్రభుత్వము గాయపడిన కానలీని మే 12న కాల్చి చంపినది. ఐరిషు దేశాభిమానులతో చెలిమి చేసిన భారతీయ విద్యార్థులపైనను ప్రభుత్వపు కన్ను పడినది. జులై 1 నాటికి దేశము విడువవలసినదని గిరిగారికి ఉత్తరువు వచ్చినది. ఆ విధముగా వారు బారిష్టరు చదువుతోపాటు ప్రభుత్వపు అనుమానమును కూడ మూటగట్టుకొని స్వదేశమునకు వచ్చిరి.

బరంపురమున వకీలుపని బాగుగానే సాగినది. కాని 1920లో గాంధీమహాత్ముని పిలుపు విని కోర్టు విడిచిరి. 1922లో కల్లు, సారాయి దుకాణముల యెదుట పికెటింగు చేసి కారాగారమున కేగిరి. అదే సంవత్సరమున మన పల్నాటిలో అడవి పుల్లరి నిరాకరించి కన్నెగంటి హనుమంతుగారు తుపాకిగుండ్లకు బలియైరని పాఠకులకు జ్ఞాపకము చేయుచున్నాము. ఉత్తరమున బరంపురము, దక్షిణమున మాచర్ల సీమ, రెంటను ఒకటే మాట వినవచ్చినది: పశువు మేత గాని, మనిషి కూడు గాని దొరవారి దయపై నిలువరాదు.

చెర విడిచిన పిదప గిరిగారి దృష్టి రైలుదారిపై పడినది. బెంగాలు నాగపురము రైల్వే బరంపురము సమీపమున తెలుగుదేశమునకు దిగి, ఉత్తరమున ఖరగపురము మీదుగ జంషెడ్పురమునకును నాగపురమునకును పోవును. ఆ రైల్వేలో తెలుగు పనివాండ్రు వేలకొలది ఉండిరి. ఖరగపురము వర్కుషాపు నేటికిని తెలుగు వినిపించు చోటు. వారి సంఘమును గిరిగారు నిర్మించి నడిపిరి. 1920 దశకపు ఆరంభమున అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్యను స్థాపించినవారిలో ఒకరై, పదేండ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేసిరి. 1927-28లో ఖరగపురమున వందలకొలది పనివాండ్రను తొలగింప జూచినప్పుడు, రక్తపాతమునకు చోటీయక సమ్మె నడిపి, తొలగింపబడినవారి హక్కులను కంపెనీచేత ఒప్పించిరి. పని పోయినవానికి కూడ కంపెనీ కొంత బాకీ పడియున్నదను భావము అప్పటికి మన దేశమున క్రొత్తది.

అదే రైలుదారి మీద మరియొక మేలిమాదిరి గిరిగారి కన్నుల ముందే యుండెను. నాగపురమున జంషెడ్జీ తాతాగారి ఎంప్రెసు మిల్లులో 1886లోనే పింఛను నిధి ఏర్పడినది. జంషెడ్పురపు ఉక్కు కర్మాగారమున 1912లో ఎనిమిది గంటల పని, 1915లో ఉచిత వైద్యము, 1920లో ప్రావిడెంటు ఫండు, జీతముతో సెలవు అమలులోనికి వచ్చినవి. ఆనాటికి వీనిని నిర్బంధించు చట్టము లేదు. దూరము చూచిన యజమాని తానే లెక్క వేసికొని చేసెను. ఉక్కు కరగించు నేర్పు ఒక యేట రాదు. నేర్చినవాడు నిలువవలెనన్న అతనికి రేపటి భరోసా ఉండవలెను. ఆ భరోసా ఖర్చు గాక పెట్టుబడియని వారు గ్రహించిరి. గిరిగారు గ్రహించినది దానికి రెండవ సగము: తాతా కర్మాగారమున నున్నవానికి దొరకునది పక్క కర్మాగారమున నున్నవానికి దొరకదు. అదృష్టమును బట్టి కాక హక్కును బట్టి అది దొరకవలెను.

ఈ హక్కు మాట వినిపించుటకై వారు దేశదేశములు తిరిగిరి. 1926లో అఖిల భారత ట్రేడు యూనియను కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1942లో మరల అధ్యక్షులైరి. 1927లో జినీవా అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా పోయిరి. 1931లో రెండవ రౌండు టేబులు సమావేశమున కార్మికుల పక్షమున కూర్చుండిరి. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని వారి కోట యెదుటనే ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలను చేపట్టిరి. ఆ రెండేండ్లలో వారి పద్ధతి స్పష్టమైనది. తగాదా వచ్చినప్పుడు యజమానిని, పనివానిని ఒకే బల్ల కడ కూర్చుండబెట్టి, ఇరువురి లెక్కలు ఇరువురి ముందు పరపించి, రాజీ చేయుట వారికి ఇష్టము. పోలీసును పంపుట గాని, కోర్టుకు త్రోయుట గాని వారికి కిట్టదు. 1942 ఉద్యమమున మరల చెరసాల కేగి 1945 వరకు ఉండిరి. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున పనిచేసిరి. 1947 నుండి నాలుగేండ్లు సింహళమున భారత హైకమిషనరుగా నుండిరి.

1952లో పాతపట్టణము నుండి లోకసభకు ఎన్నికై గిరిగారు కేంద్ర కార్మికమంత్రి యైరి. ప్రావిడెంటు ఫండు శాసనము 1951 నవంబరులో ఆర్డినెన్సుగా పుట్టి, 1952 మార్చిలో జగజ్జీవనరాముగారు మంత్రిగా నుండగా చట్టమైనది. కాని కాగితము మీది చట్టమును గేటు లోపలికి తెచ్చుట గిరిగారి వంతు. 1952 నవంబరు 1 నుండి సొమ్ము పట్టుట మొదలైనది. సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితము, బట్టల మిల్లులు, ఈ ఆరు పరిశ్రమలలో 50 మందికి తక్కువ కాని కర్మాగారములకు అది వర్తించినది. పుట్టి మూడేండ్లు నిండని కర్మాగారమునకు మినహాయింపు కలదు. మొలకకు నీడ పట్టిన ట్లన్నమాట.

నూటికి ఆరుంబావు చొప్పున పనివాడు, అంతే మొత్తము యజమాని వేయవలెనని నియమము. మన పెద్దల భాషలో చెప్పవలెనన్న రూపాయికి ఒక అణా. నెలకు 80 రూపాయలు తెచ్చుకొను పనివాడు 5 రూపాయలు దాచును. యజమాని 5 రూపాయలు చేర్చును. ఏటికి 120 రూపాయలు. ముప్పది యేండ్లకు వడ్డీ గాక 3,600 రూపాయలు. ఆ కాలమున ఒక కూలివాడు ఒక్క మొత్తముగా చూడగల సొమ్ము కాదది. అంతకన్న ముఖ్యమైన దింకొకటి కలదు. ఆ సొమ్ము యజమాని పెట్టెలో నుండదు. యజమానుల, పనివాండ్ర, ప్రభుత్వపు ప్రతినిధులు కూడిన ధర్మకర్తల మండలి వశమున నుండును. మిల్లు మునిగినను, వారసులు తగవులాడినను ఆ అణా మునుగదు. దయకును నియమమునకును గల దూరమంతయు ఈ యొక్క యేర్పాటులో కలదని మా అభిప్రాయము.

1953 అక్టోబరున గిరిగారు ఇంకొక మెట్టెక్కిరి. ముడిసరకు లేకనో, బొగ్గు రాకనో కర్మాగారము కొన్ని దినములు ఆగిన యెడల, ఆ దినములకు పనివానికి సగము వేతనమీయవలెననియు, మనుష్యులను తగ్గింపవలసి వచ్చినచో చేసిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల వేతనము చేతిలో పెట్టి పంపవలెననియు శాసనము వచ్చినది. ఖరగపురమున పాతికేండ్లకు పూర్వము సమ్మె చేసి అడిగినది ఇప్పుడు దేశమునకంతటికి ధర్మమైనది. ఐనను ఆగిన దినములకు సగము వేతనమను సూత్రము, కాలమును బట్టి నడచు కర్మాగారములకు వర్తింపదని అందే వ్రాసియున్నది. మన జిన్నింగు మిల్లుల పనివాడు ఆనాటికి ఆ గీతకు ఆవలనే నిలిచిపోయెను.

గిరిగారి కోరిక లన్నియు నెరవేరినవని తలపరాదు. కార్మిక వివాదములను నిర్బంధముగా న్యాయాధికరణములకు పంపు పద్ధతి ఇరుపక్షములను సోమరులను చేయుననియు, వారే కూర్చుండి తేల్చుకొను అలవాటు రావలెననియు వారు గట్టిగా నమ్మిరి. 1952 అక్టోబరున నైనితాలులో జరిగిన భారత కార్మిక సమావేశమున దీనిని చర్చకు పెట్టిరి. యజమానులు సందేహించిరి, బలహీనమైన సంఘములు గల కార్మిక నాయకులును భయపడిరి. బలము సమముగా లేని చోట రాజీ యనునది బలహీనుని ఓటమియే యని వారి వాదము. అందు నిజము లేకపోలేదు. గిరిగారి మార్గము నిలువలేదు.

ఇక వారి జీవితమున కెల్ల శిఖరమని మేము తలచు ఘట్టము 1954 నాటిది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యములను గూర్చి యేండ్ల తరబడి తగవు సాగి, తుదకు కార్మిక అప్పీలు న్యాయాధికరణము తీర్పు చెప్పినది. చిన్న బ్యాంకులకు, పల్లెపట్టుల శాఖలకు అది మోయరాని బరువగునని చెప్పి, కేంద్రప్రభుత్వము ఆగస్టు నెలలో ఆ తీర్పును మార్చి ఉద్యోగులకు రావలసిన దానిలో కొంత కోత పెట్టినది. ఆ ప్రభుత్వమున గిరిగారే కార్మికమంత్రి. ఆర్థికమంత్రిత్వపు వాదమున పసలేదని మేము చెప్పము. చిన్న సంస్థ బరువు నిజముగా బరువే. కాని గిరిగారు చూచినది వేరు. ఇరుపక్షములను తీర్పునకు కట్టుబడుడని కూర్చుండబెట్టి, తీర్పు వచ్చిన పిదప దానిని ఒక పక్షమునకై మార్చినచో, రేపటినుండి ఏ పనివాడు ఏ వాగ్దానమును నమ్మును? వారు పదవిని వదలుకొని బయటికి వచ్చిరి. తరువాత న్యాయమూర్తులతో విచారణసంఘము నేర్పరచి, దాని సూచనలపై 1955లో పార్లమెంటు చట్టము చేయవలసి వచ్చినది.

పదవి కొరకు మాట మార్చువారు ప్రతి కాలమున కలరు. మాట కొరకు పదవి మార్చినవారు అరుదు. పైగా ఆ మాట వారి సొంత మాట కాదు. న్యాయాధికరణము చెప్పినది, ఎవరో గుమాస్తాల జీతమును గూర్చినది. అట్టి దానికై కేంద్రమంత్రి పదవిని విడుచుట చూచి నాడు కొందరు నవ్వియుందురు. కాని పనివానికి ఇత్తుమని వ్రాసినదానిని ఇచ్చినవాడే తగ్గింపరాదను ధర్మము మన దేశమున ఆ దినమున ఒక మనిషి వెల చెల్లించి నిలిపినది.

తరువాతి కథ లోకవిదితము. 1957లో పార్వతీపురమున ఓడిరి. ఉత్తరప్రదేశము, కేరళ, మైసూరులకు గవర్నరులుగా నుండిరి. 1967లో ఉపరాష్ట్రపతి యైరి. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, నీలం సంజీవరెడ్డిగారిపై గెలిచి, ఆగస్టు 24న రాష్ట్రపతి పీఠ మెక్కిరి. ఐదేండ్లు అందుండిరి. ఆ కాలముననే 1971లో ఉద్యోగుల కుటుంబ పింఛను పథకము వచ్చినది. 1972లో గ్రాట్యుటీ చట్టము వారి ఆమోదముద్ర పొందినది. 1975లో భారతరత్న బిరుదము వారిని వరించినది. 1980 జూన్ 24న మదరాసులో కన్నుమూసిరి. 1974లో స్థాపింపబడిన జాతీయ కార్మిక విద్యాసంస్థకు 1995లో వారి పేరు పెట్టిరి.

మేము గిరిగారిని పొగడుటకే పూనుకొనలేదు గనుక వారి పనిలోని వెలితిని కూడ చెప్పవలెను. ఆ చట్టము లన్నియు గేటు గల చోట మొదలై గేటు కడనే ఆగినవి. మన పల్నాటినే చూడుడు. 1958లో వెలగపూడి రామకృష్ణగారి కె.సి.పి. సంస్థ మాచర్లలో సిమెంటు కర్మాగారము నెలకొల్పినది. సిమెంటు మొదటి ఆరు పరిశ్రమలలోనిదే గనుక అచటి పనివానికి అణా లెక్క అందుబాటు లోనికి వచ్చినది. ఆ కర్మాగారమునకు కొన్ని కోసుల దూరమున 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమున, రాళ్లు మోసి ఆనకట్ట లేపిన వేలకొలది కూలివాండ్రకు అట్టి లెక్క లేదు. నిర్మాణపు పనివాండ్రను ఆ చట్టము పరిధిలోనికి తెచ్చినది 1980లో, అనగా గిరిగారు పోయిన యేట. మిరపకాయ కోయు ఆడకూలి, పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు రాయి కొట్టి తెచ్చు దినకూలి పెక్కుమంది ఇంకను గేటు వెలుపలివారే. 2020లో పార్లమెంటు సామాజిక భద్రతా స్మృతిని చేసి అసంఘటిత కార్మికులను కూడ పేర్కొన్నది. పేర్కొనుట వేరు, చేతికందుట వేరు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మిల్లు యజమాని ఏమి చేయవలెను? ఇరువది మందికి తక్కువ కాని సంస్థలో ప్రావిడెంటు ఫండు విధి. అణా నాటి ఆరుంబావు నేడు సాధారణముగా నూటికి పన్నెండు. గ్రాట్యుటీకి పదిమంది చాలును. ఈ గ్రాట్యుటీ నియమములలో మన జిన్నింగు మిల్లులకు సూటిగా తగిలెడి దొకటి కలదు. సంవత్సర మంతయు పని లేక కాలమున మాత్రము పనిచేయువానికి కాల మొకటికి ఏడు దినముల వేతనము చొప్పున ఈయవలెను. 1953 శాసనము గీత ఆవల విడిచినవానికి 1972 చట్టము ఈ విధముగా చేయి అందించినది. మేము మొదట చెప్పిన ఇరువది కాలముల ముసలివాడు వట్టి చేతులతో పోవలసినవాడు కాడు. నియమానుసారముగా సేవ నిండినచో అతనికి 140 దినముల వేతనము రావలసి యున్నది. దినమునకు 400 రూపాయలైనచో అది 56,000 రూపాయలు. అది దానము కాదు, బాకీ.

ఈ బాకీ ఒక్కసారి నెత్తిన పడినప్పుడే బరువు. నలువది మంది పనివాండ్రు గల మిల్లులో తలకు ఏడు దినముల వేతనము 2,800 రూపాయలు. కాలమునకు మొత్తము 1,12,000 రూపాయలు. బేళ్లు అమ్ముడుపోయిన నెలలోనే ఆ మొత్తమును వేరు ఖాతాకు గాని, బీమా సంస్థకు గాని కట్టివేసినచో, పదేండ్లకు ముగ్గురు ఒకేసారి వైదొలగినను యజమాని అప్పునకు పోనక్కరలేదు. విత్తనపు గింజలను మెట్టవేళ దాచినట్టి దీ పని. గాదె వట్టిపోయిన పిదప విత్తనమునకు వెదకు రైతును మన సీమలో ఎవరును తెలివిగలవాడనరు.

చట్టము విడిచిన భాగమును గూర్చి యజమాని మరింత శ్రద్ధ వహింపవలెను. ఉద్యోగుల రాజ్యబీమా 1952 ఫిబ్రవరిలో కాన్పూరున మొదలై క్రమముగా దేశమున వ్యాపించి పనివానికి వైద్యము, జబ్బు దినముల భత్యము ఈయగలుగుచున్నది. కాని కాలపు కర్మాగారములు దాని పరిధిలో లేవు. కావున దూదిపొట్టుతో రొమ్ము పట్టినవానికి ఆ ఆసుపత్రి తలుపు తెరువబడదు. ఒక్క మిల్లు మోయలేని వైద్యబీమా ఖర్చును పది మిల్లులు కూడి సులభముగా మోయగలవు. నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల వ్యాపారసంఘములు సరకు ధర విషయమున ఏకమగుట మనము చూచుచున్నాము. పనివాని ఊపిరితిత్తుల విషయమున ఏకము కారాదా?

ఈ యేర్పాట్లు చేయునప్పుడు గిరిగారి జీవితము నుండి మూడు మాటలు గ్రహింపదగును. మొదటిది, పనివాండ్రతో కూర్చుండి నిర్ణయించుట. వారికి వైద్యము ముఖ్యమో, పిల్లల చదువు ముఖ్యమో యజమాని ఊహింప నేల? అడిగి తెలిసికొనవచ్చును. రెండవది, నిర్ణయించినదానిని తెలుగున వ్రాసి గేటు కడ అంటించుట, సొమ్మును వ్యాపారపు సొమ్ముతో కలపకుండుట. మూడవది, మోయగలిగినంతయే ఒప్పుకొనుట, ఒప్పుకొన్నదానిని ధర పడిన యేట తగ్గింపకుండుట. 1954లో ప్రభుత్వము చెప్పిన కారణమే రేపు మన మిల్లుదారు నోటికిని వచ్చును: చిన్న సంస్థ, పెద్ద బరువు. ఆ మాట తీర్పునకు ముందు చెప్పినచో లెక్క. తరువాత చెప్పినచో మాట తప్పుట.

వచ్చే పత్తి కాలము ముగిసి యంత్రములపై గోనెపట్టాలు కప్పునాడు, గేటు కడ నిలిచిన ముసలి పనివాని చేతిలో తుది వారపు కూలితోపాటు, అతని పేరును, చేసిన కాలముల లెక్కయు, నిలువయున్న సొమ్మును వ్రాసిన చిన్న పుస్తకము కూడ ఉండవలెనని మేము కోరుచున్నాము. బరంపురపు వకీలు కొడుకు డబ్లిను వీధులలో నేర్చి, ఢిల్లీలో పదవి నొడ్డి నిలిపిన ధర్మము పల్నాటికి చేరినదని ఆనాడు చెప్పవచ్చును.